పాలు పడకపోతే పెరుగూ నెయ్యీ కూడా మానేయాలా?

పొదిలి దగ్గర పల్లె నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడ వయసు 29. పుట్టి పెరిగింది నెల్లూరు టౌన్‌లో. పుట్టింట్లో ప్యాకెట్ పాలు, రెండు పూటలా టీ, మధ్యాహ్నం అన్నంలోకి మజ్జిగ. గ్లాసుతో పాలు తాగే అలవాటు చిన్నప్పుడే పోయింది. ఆరేళ్ల కిందట పెళ్లయి ఈ ఊరికి వచ్చారు. అత్తగారింట్లో నాలుగు బర్రెలున్నాయి. పాలకేంద్రంలో పోయగా మిగిలిన పాలు ఇప్పటికీ దాలిలోనే కాగుతాయి. కోడలు స్కూలుకు బయల్దేరే ముందు అత్తగారు పెద్ద స్టీలు గ్లాసు నిండా ఆ పాలు పోసి ఇచ్చేవారు. తాగిన గంటలోపే పొట్ట ఉబ్బరం, గుడగుడ, మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే పరుగు. ఆవిడ పొదిలిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. బస్సులో ఒకసారి చాలా ఇబ్బంది పడ్డాక పొద్దున్నే పాలగ్లాసు చూస్తేనే టెన్షన్ మొదలైంది. చెప్పడానికి మొహమాటపడి, ఎవరూ చూడకుండా పాలు కుడితి తొట్టిలో పోయసాగారు. ఒకరోజు అత్తగారి కంట పడింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. కానీ మర్నాటి నుంచి పాలు ఇవ్వడం మానేశారు, మాటలూ తగ్గించేశారు.

బంధువు ఒకావిడ "ఇది పాల అలర్జీ, పాలతో చేసినవేవీ ముట్టుకోవద్దు" అని చెప్పడంతో మూడు నెలలుగా టీ, పెరుగు, నెయ్యి అన్నీ మానేశారు. పరుగులు ఆగిపోయాయి. భోజనం మాత్రం భోజనంలా లేదు. మధ్యలో భర్త "ఒంగోలు ఆవు పాలు, ఏ2 పాలు, ఇవి పడతాయి" అని ఎక్కువ ధర పెట్టి బయట నుంచి తెచ్చారు. ఒక గ్లాసు తాగితే మళ్లీ అదే బాధ. ఆమె అడిగినవి ఇవి: పాలు పడనప్పుడు ఇన్నేళ్లూ టీ, మజ్జిగ, నెయ్యి ఎలా పడ్డాయి? సంక్రాంతికి రెండు కోవా బిళ్లలు తింటే పాలకన్నా ఎక్కువ బాధ ఎందుకొచ్చింది? నాలుగేళ్ల బాబుకీ ఇదే వస్తుందా? వచ్చే నెల నెల్లూరులో తమ్ముడి పెళ్లి, మలై కాజా తినొచ్చా? అన్నిటికన్నా ముందు, అత్తమ్మకు ఏమని చెప్పాలి?

అమ్మా, మీకు కావలసిన జవాబు చాలావరకు మీ ఉత్తరంలోనే ఉంది. టీ పడింది, మజ్జిగ పడింది, నెయ్యి పడింది. గ్లాసు పాలు పడలేదు, కోవా అసలే పడలేదు. ఈ వరుస చూస్తే ఇది అలర్జీ అనిపించడం లేదు. అలర్జీ పాలలోని ప్రోటీన్ వల్ల వస్తుంది. అది ఉన్నవాళ్లలో చాలామందికి కాసిని చుక్కలు కూడా చాలు, టీ అయినా పెరుగైనా తేడా ఉండదు. ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు, ముఖం వాస్తాయి, ఆయాసం వస్తుంది, కొందరికి వెంటనే వాంతులవుతాయి. అలాంటివి మీకు ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం ఈ కింద రాసినవేవీ ప్రయత్నించకండి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీరు రాసినవాటిలో అవేవీ లేవు. ఉన్నవన్నీ పొట్టకు సంబంధించినవే, అవీ పాలు ఎంత తాగారన్న దాన్ని బట్టి వస్తున్నవే. ఇది పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడం వల్ల వచ్చే బాధ.

ఈ లాక్టోజ్‌ను చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ విడగొట్టాలి. చంటిబిడ్డలకు ఇది పుష్కలంగా ఉంటుంది. పాలు మానే వయసు దాటాక చాలామందిలో తగ్గిపోతూ వస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఇంతే. మన దేశంలో ఉత్తరాది వాళ్లకన్నా దక్షిణాది వాళ్లలో ఎక్కువ. విడగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గ్యాస్, గుడగుడ దానివల్లే. ఆ చక్కెర నీటిని కూడా లాగుతుంది కాబట్టి పరుగు. తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు మొదలవుతుంది. అంటే మీకు రోగం ఏదో పట్టుకున్నట్టు కాదు. పుట్టింట్లో గ్లాసు పాలు తాగలేదు కాబట్టి బయటపడలేదు, అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆవు పాలైనా బర్రె పాలైనా 100 మిల్లీలీటర్లలో లాక్టోజ్ ఇంచుమించు 5 గ్రాములు. ఈ ఇబ్బంది ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఒక విడతకు 12 గ్రాముల దాకా పెద్దగా బాధ లేకుండా తట్టుకుంటారని పరిశోధనల్లో తేలింది. భోజనంతో కలిపి తీసుకుంటే ఇంకాస్త నయం. టీలో పోసే పాలు 60, 70 మిల్లీలీటర్లు ఉంటాయనుకుంటే లాక్టోజ్ 3 గ్రాములకు కాస్త పైన. మీ అత్తగారి పెద్ద గ్లాసు 300 మిల్లీలీటర్లయితే 15 గ్రాములు. పైగా అవి దాలి పాలు. గంటల తరబడి సన్న సెగ మీద కాగి నీరు ఇగిరిన పాలు కాబట్టి చక్కెర ఇంకా చిక్కబడి ఉంటుంది. అదీ పరగడుపున, హడావిడిగా. పుట్టింటి టీకీ ఈ గ్లాసుకీ పోలికే లేదు.

కోవా సంగతి ఇంకా తేలిక. లీటరు బర్రె పాలు ఇగరబెడితే పావు కిలోకు అటూ ఇటూగా కోవా వస్తుంది. పోయింది నీళ్లు మాత్రమే, లీటరు పాలలో ఉన్న 50 గ్రాముల లాక్టోజ్ అంతా ఆ కోవాలోనే ఉండిపోతుంది. మనం కలిపే చక్కెర బరువు తీసేసినా, 60 గ్రాముల పాలకోవా తింటే దాదాపు 200 మిల్లీలీటర్ల పాలు తాగినట్టే. మీరు తిన్న బిళ్లలు పెద్దవైతే, పండగ పూట పరమాన్నం కూడా తోడైతే, ఆ బాధ రాకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. పాలపొడి కూడా ఇంతే, బరువులో మూడో వంతుకు పైగా లాక్టోజే. పాలలో కలుపుకునే బలం పొడులు కొన్నిటిలో పాలపొడి ఉంటుంది, డబ్బా మీద చూసుకోండి.

పెరుగు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీ ఇంటికి అసలు దారి అక్కడుంది. తోడు వేసినప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేసి ఆమ్లంగా మారుస్తుంది, పెరుగు పుల్లబడేది అందుకే. సుమారు పాతిక శాతం దాకా తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ బ్యాక్టీరియా దగ్గర లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. మనం తిన్నాక పేగులోకి వెళ్లి మిగిలిన లాక్టోజ్ అరగడానికి కూడా అది సాయం చేస్తుంది. అందుకే అంతే లాక్టోజ్ పాలలో ఉంటే పడనివాళ్లకు పెరుగులో ఉంటే పడుతుంది. బాగా తోడుకుని కాస్త పులుపెక్కిన పెరుగు, అప్పుడే తోడుకున్న తియ్యటి పెరుగుకన్నా మేలు. మజ్జిగలో నీళ్లు ఎక్కువ కాబట్టి ఒక గ్లాసుకు పడే లాక్టోజ్ ఇంకా తక్కువ. మజ్జిగపులుసు కాచినప్పుడు మాత్రం ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది, దాని సాయం ఉండదు. అయినా పులుసులో పడే మజ్జిగ ఎంతని, భయపడక్కర్లేదు.

నెయ్యిలో లాక్టోజ్ దాదాపు లేనట్టే. వెన్నలో చాలా కొంచెం. మూడు నెలలు నెయ్యి మానిపించిన ఆ సలహా మీద నాకు నిజంగా కోపం వచ్చింది. పాలు విరగ్గొట్టి తీసే పన్నీరులో కూడా తక్కువే ఉంటుంది, లాక్టోజ్‌లో ఎక్కువ భాగం విరుగుడు నీళ్లతోనే పోతుంది. ఆ నీళ్లు పారబోయడం ఎందుకని చపాతీ పిండిలో కలుపుతారు కొందరు, మీరు అది తినకండి. ఈనిన బర్రె జున్ను పాలలో లాక్టోజ్ మామూలు పాలకన్నా తక్కువ. అందులో మామూలు పాలు ఎన్ని కలిపారో అడిగి, కొంచెం తిని చూడొచ్చు.

మీగడ తీసేస్తే పాలు పడతాయని, మిరియాలు, శొంఠి వేసి మరిగిస్తే పడతాయని ఎవరైనా చెబుతారు. మీగడ తీసినా మరిగించినా లాక్టోజ్ ఎక్కడికీ పోదు. నీళ్లు కలిపినా అంతే, పోసిన పాలు తగ్గితేనే తగ్గుతుంది.

మీ వారు తెచ్చిన ఏ2 పాల గురించి. ఏ2 అన్నది బీటా కేసిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన సంగతి, లాక్టోజ్‌కు కాదు. ఒంగోలు ఆవు పాలలోనూ లాక్టోజ్ అంతే ఉంటుంది. ఏ2 పాలు తాగితే కొందరికి పొట్ట కాస్త తేలిగ్గా ఉందని చెప్పిన అధ్యయనాలు ఉన్నాయి, కానీ మీరు తాగి చూశారు, పడలేదు. ఇంకో మాట, మీ బర్రెల పాలు కూడా ఏ2 రకమే. ఇంట్లో ఉన్నదాన్నే మళ్లీ డబ్బు పెట్టి కొన్నట్టయింది. ఆయన ప్రేమతోనే తెచ్చారు, దాన్ని తప్పు పట్టను. కానీ పాడి ఉన్న ఇంట్లోకి బయటి పాలు వచ్చాయంటే మీ అత్తగారికి ఎలా అనిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. కుడితి తొట్టికన్నా ఆ పాల సీసా ఎక్కువ నొప్పించి ఉండొచ్చు.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, మెల్లగా వెనక్కి రావడం. నేనైతే దీనివైపే మొగ్గుతాను. నెయ్యి ఈ పూటే మొదలుపెట్టండి. రెండు మూడు రోజులు మజ్జిగన్నం తినండి. బాగుంటే చిన్న కప్పు పెరుగు, భోజనం చివర. తర్వాత టీ. ఆ తర్వాత, కావాలనుకుంటే, ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు టిఫిన్ తిన్నాక సగం గ్లాసు పాలు. ఒక్కో మెట్టు ఎక్కాక కొన్ని రోజులు ఆగండి. ఎక్కడ ఇబ్బంది మొదలైతే దానికి ఒక మెట్టు కింద ఆగిపోండి, అదే మీ హద్దు. ఇన్నాళ్లు పూర్తిగా మానేశారు కాబట్టి మొదట్లో కాస్త గ్యాస్ ఎక్కువ అనిపించవచ్చు. కొద్ది కొద్దిగా రోజూ తీసుకుంటుంటే పెద్దపేగులోని బ్యాక్టీరియా అలవాటు పడి చాలామందికి తగ్గుతుంది. అయితే ఓపిక కావాలి, వారం రోజుల్లో తేలిపోయేది కాదు. ఈ లోపు పప్పు, ఉల్లిపాయలు ఎక్కువ తిన్న రోజు వచ్చే గ్యాస్‌ను కూడా పాల మీదకు తోసేయకండి, అవీ గ్యాస్ చేస్తాయి.

రెండోది, పరీక్ష. పరగడుపున లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగించి, కొంతసేపటికొకసారి ఊదించి ఊపిరిలో హైడ్రోజన్ ఎంత ఉందో కొలుస్తారు. బ్రెత్ టెస్ట్ అంటారు. పొట్ట, పేగుల స్పెషలిస్టును అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు. మీకు లాక్టోజ్ అరగదన్నది దీనితో రూఢి అవుతుంది. ఎన్ని పాలు పడతాయన్నది మాత్రం ఇది చెప్పదు, దానికి మళ్లీ మొదటి దారే. ఒక రోజు సెలవు, ప్రయాణం, ఖర్చు ఉంటాయి. కానీ కాగితం చూస్తే తప్ప నమ్మని వాళ్లు ఇంట్లో ఉంటే ఆ ఖర్చు దండగ కాదు.

లాక్టేజ్ మాత్రలు మందుల షాపుల్లో దొరుకుతాయి, మొదటి ముద్దతో వేసుకోవాలి. చాలా ముందో, తిన్న చాలాసేపటికో వేసుకుంటే లాభం లేదు. రోజూ పాలు తాగడం కోసం వీటిని వాడటం అనవసరం, పెళ్లిళ్లకు, పండగలకు పనికొస్తాయి. లాక్టోజ్ తీసేసిన ప్యాకెట్ పాలు కూడా సూపర్ మార్కెట్లలో ఉంటాయి, కాస్త తియ్యగా ఉంటాయి, మీ పొట్టకు హాయిగానే పడతాయి. కానీ నాలుగు బర్రెలున్న ఇంట్లో అది మళ్లీ ఆ సీసా కథే అవుతుంది.

చివరిది, ఇప్పుడు చేస్తున్నట్టే అన్నీ మానేసి ఉండటం. అలా బతకలేమని కాదు. కానీ పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పాలూ పెరుగూ లేకుండా అంత తీసుకోవాలంటే రోజూ గట్టిగా పట్టించుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. నువ్వులు, మునగాకు, అవిసాకు మంచివి. నెత్తళ్ల లాంటి చిన్న చేపలు ముల్లుతో సహా తింటే మంచి కాల్షియం, నెల్లూరు అమ్మాయికి నేను చెప్పాలా. మీరుండే చోటు వల్ల ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. పొదిలి, కనిగిరి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకూ తెలుసు. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఆ ఫ్లోరైడ్ ఎముకలకు చేసే హాని పెరుగుతుంది. వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు పాడి మానేయడం ఒక ఇష్టం కావచ్చు, మీకు అది అంత తేలిక నిర్ణయం కాదు. మానేసినా మానకపోయినా తాగే నీళ్లు శుద్ధి చేసినవే చూసుకోండి.

ఇప్పుడు అత్తగారి విషయం. మీరు చివర్లో రాశారు గానీ, ఉత్తరం రాయించింది ఇదేనని నాకు అనిపించింది.

తెల్లారుజామునే లేచి గడ్డి వేసి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చి, మిగిలిన వాటిలో చిక్కటివి కోడలికని తీసిపెట్టిన మనిషి ఆమె. కేంద్రంలో పోస్తే ఆ గ్లాసు కూడా డబ్బే. అవి కుడితిలో కలవడం చూసి ఒక్క మాట అనలేదంటే కోపంకన్నా బాధే ఎక్కువ. మీరు నోరు విప్పకపోతే ఆ బాధకు ఆమె తనకు తోచిన అర్థం చెప్పుకుంటారు. టౌను పిల్లకు మా ఇంటి పాలు ఆనడం లేదు అనుకుంటారు. మూడు నెలలుగా అదే అనుకుంటూ ఉండొచ్చు.

మీరే నేరుగా చెప్పడం ఒక పద్ధతి. సాయంత్రం పాలు పితికాక, ఆమె కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చోండి. కుడితి తొట్టి సంగతి ముందు మీరే ఎత్తండి, దాన్ని దాటేసి ఆరోగ్యం గురించి ఎంత చెప్పినా సాకులానే వినిపిస్తుంది. "అత్తమ్మా, ఆ రోజు పాలు పారబోయడం తప్పే. మీతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. పాలు పాలుగా తాగితే నా కడుపుకు అరగడం లేదు, బస్సులో నానా అవస్థ పడ్డాను. అవే పాలు మీరు తోడేసి ఇస్తే తింటాను, మజ్జిగ చేసి ఇస్తే తాగుతాను" అనండి. మాటలు మీవి చేసుకోండి, చివరి వాక్యం మాత్రం వదలొద్దు. ఆ రోజుకు ఆమె ముభావంగానే ఉండొచ్చు, "మా కాలంలో ఇవన్నీ లేవు" అనొచ్చు. వాదించకండి. మర్నాడు అన్నంలో ఆ ఇంటి నెయ్యే వేసుకుని, ఆ ఇంటి పెరుగే తింటుంటే ఆమె కంటికి కనిపిస్తుంది.

మీ వారితో చెప్పిస్తే మీకు తేలిక. కానీ కొడుకు నోటి వెంట వస్తే, నాతో చెప్పకుండా వాడితో చెప్పించింది అనే మాట మిగులుతుంది. ఆయన చెప్పాల్సింది వేరే ఉంది. బయటి పాలు తెచ్చింది తనేనని, అవీ పడలేదని, తప్పు మన బర్రెల పాలది కాదని ఆయన తల్లికి చెప్పాలి. అది మీరు చెప్పేది కాదు. ఇద్దరి మాటా వినని మనిషైతే, డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు డాక్టరు నోటి మాట మీద గురి ఉంటుంది. పైగా, రమ్మని పిలిచినందుకే సగం మనసు కరిగినా కరుగుతుంది.

పెళ్లిలో మలై కాజా ఒకటి తినండి. కడుపు నిండా భోంచేశాక, చివర్లో. దాంట్లో పాల మీగడ, కోవాతో పాటు మైదా, నెయ్యి, పాకం కూడా ఉంటాయి కాబట్టి లాక్టోజ్ ఇబ్బంది లేనివాళ్లకు కూడా రెండు మూడు తింటే బరువే. అదే పూట పాయసం, ఐస్‌క్రీమ్ జోలికి వెళ్లకండి. లాక్టేజ్ మాత్ర ఉంటే ఆ రోజు వాడుకోండి.

బాబు విషయంలో ఇప్పుడు చేయాల్సింది ఏమీ లేదు. మీకున్నది వాడికి వచ్చినా పెద్దయ్యే కొద్దీ మెల్లగా బయటపడుతుంది, రాకపోనూవచ్చు. పాలు హాయిగా పడుతున్నాయి కాబట్టి భయంతో మానిపించకండి. అలాగని అన్నం బదులు పాలతోనే కడుపు నింపొద్దు, ఎక్కువ పాలు తాగే పిల్లల్లో ఐరన్ తగ్గి రక్తహీనత రావచ్చు. విరేచనాలు పట్టుకుని తగ్గాక కొన్నాళ్లు వాడికి పాలు పడకపోతే కంగారు పడకండి. పేగు లోపలి పొర దెబ్బతిని ఎంజైమ్ తాత్కాలికంగా తగ్గుతుంది, పొర కోలుకున్నాక మళ్లీ వస్తుంది.

మీరు మాత్రం ఒకటి గమనించుకోండి. పాడి పూర్తిగా మానేసిన ఈ మూడు నెలల్లో పరుగులు ఆగాయని రాశారు, అది మంచి గుర్తు. ఎప్పుడైనా పాలు ముట్టుకోకపోయినా విరేచనాలు పట్టుకుంటే, మలంలో రక్తం కనిపిస్తే, కారణం లేకుండా బరువు తగ్గితే, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తే, లేదా జ్వరం తోడైతే, అది లాక్టోజ్ వల్ల కాదు. పెరుగు, మజ్జిగ ప్రయోగాలన్నీ పక్కన పెట్టి ఒంగోలుకో నెల్లూరుకో వెళ్లి డాక్టరుకు చూపించుకోండి.